జీతము విడిచిన కళాజీవి - దాదాసాహెబు ఫాల్కే

లోకమునందు జీవనోపాధి వేఱు, జీవితధ్యేయము వేఱు. ఈ రెండును ఒక్కటియైనవారు ధన్యులు. ఒక్కటి కానిచో ఉపాధిని నిలుపుకొని, ధ్యేయమును మనసులోనే అణచుకొనువారే పెక్కుమంది. నెలనెలా జీతము చేతికందుచుండగా దానిని విడిచి, తన విద్యనే నమ్ముకొని బయలుదేరుట సామాన్యమైన పని కాదు. ఆలుబిడ్డలు గల గృహస్థునకు అది మఱింత దుష్కరము. అట్టి సాహసమొనర్చిన ధుండిరాజ గోవింద ఫాల్కే జీవితమును ఈ రజతోత్సవ సంచిక పాఠకులకు సంగ్రహముగా నివేదించుచున్నాను. భారతీయ చలనచిత్రమునకు పితామహుడని దేశము దాదాసాహెబు ఫాల్కేగా గౌరవించునది ఈయననే.

మన గోదావరీమాతకు జన్మస్థానమైన త్ర్యంబక క్షేత్రముననే 1870 ఏప్రిల్ 30వ తేదీన ఫాల్కే జన్మించెను. తండ్రి సంస్కృత పండితుడు. ఆయనకు బొంబాయి విల్సన్ కళాశాలలో ఉద్యోగము లభింపగా కుటుంబము ఆ నగరము చేరెను. 1885లో ధుండిరాజు జె. జె. చిత్రకళాశాలలో ప్రవేశించెను. పిమ్మట బరోడా కళాభవనమున చిత్రలేఖనము, ఛాయాగ్రహణము మున్నగు విద్యల నభ్యసించెను. ఇంద్రజాలమునందును ఆయనకు ప్రవేశము కలదు. ఇన్ని విద్యలెందులకని నాడు చూచినవారు అనుకొని యుందురు. కాని ఒక్కటియు వ్యర్థము కాలేదు.

విద్య ముగిసిన వెంటనే సుఖము లభింపలేదు. గోధ్రా పట్టణమున ఫొటోలు తీయుచు జీవనము ప్రారంభించెను. ఇంతలో ప్లేగు వ్యాధి సోకి భార్యయు, బిడ్డయు గతించిరి. ఆ దుఃఖముతో ఆ ఊరు విడిచెను. 1902లో ద్వితీయ వివాహమాయెను. గిరిజయను ఆ కన్య అత్తవారింట సరస్వతీబాయి యయ్యెను. ఈమె పేరును పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను.

1903లో ఫాల్కేకు పురావస్తుశాఖలో ఫొటోగ్రాఫరుగను, నక్షాలు గీయు డ్రాఫ్టుమనుగను సర్కారు కొలువు దొరకెను. జీతమునకు లోపము లేదు. కాని ఒకరు నిర్ణయించిన గీతనే గీయుచు, ఒకరు చూపిన శిలనే ఫొటో తీయుచు కాలము గడపుటకు ఆయన మనసొప్పలేదు. వంగదేశ విభజన కారణమున స్వదేశీ ఉద్యమము దేశమున వ్యాపించుచున్న దినములవి. మన చేతిపనితో మన ముద్రణము సాగవలెనను సంకల్పముతో 1906లో ఉద్యోగమునకు రాజీనామా యిచ్చి, లోనావ్లాలో ముద్రణాలయము స్థాపించెను. రవివర్మ పటములు అచ్చు వేయు ముద్రణాలయమునకు కావలసిన శిలాముద్రణపు పని అందు జరుగుచుండెను. పని పెరుగగా దానిని బొంబాయిలోని దాదరునకు మార్చెను. 1909లో జర్మనీ దేశమునకు పోయి రంగుల ముద్రణ యంత్రములు కొనివచ్చెను.

వ్యాపారము వృద్ధి చెందెనుగాని భాగస్థులతో అభిప్రాయభేదములు వచ్చెను. ఒక యజమానిని విడిచినవాడు పెట్టుబడిదారుని చేతిలో పడినచో స్వాతంత్ర్యము పేరునకే మిగులును. ఈ సత్యము ఫాల్కేకు త్వరలోనే బోధపడెను. తన వాటా ధనమైనను తీసికొనక ఆ ముద్రణాలయమును విడిచి వచ్చెను. నలుబది యేండ్ల వయసున, బిడ్డలు చిన్నవారై యుండగా, ఆయన మరల వట్టి చేతులతో నిలిచెను.

1911లో బొంబాయిలో ఒక డేరా సినిమాయందు క్రీస్తు చరిత్రమును చూచుట తటస్థించెను. తెరమీద క్రీస్తు కదలుచుండగా ఆయన మనసున శ్రీరాముడు, శ్రీకృష్ణుడు కదలాడిరి. మన పురాణములు ఏల ఇట్లు తెరకెక్కరాదని యోచించెను. అది మొదలు ఆ విద్యను గూర్చిన పుస్తకములు, యంత్రముల జాబితాలు సేకరించి చదువసాగెను. విడువక చిత్రములు చూచుటచేతను, నిద్ర చాలమిచేతను కొంతకాలము కంటిచూపు పోయెను. చికిత్సతో చూపు వచ్చెను, పట్టుదల సడలలేదు. జీవిత భీమా పత్రములు తాకట్టు పెట్టి 1912 ఫిబ్రవరిలో లండను నగరమునకు ప్రయాణమయ్యెను. అచ్చట ఈ విద్య తెలిసిన వారి నాశ్రయించి మెళకువలు గ్రహించి, విలియంసన్ కెమేరాను కొని తిరిగి వచ్చెను.

ధనము పెట్టువారికి నమ్మకము కలిగింపవలెను గదా! అందులకు ఫాల్కే చేసిన యుక్తి మెచ్చదగినది. కుండలో ఒక బఠాణీ విత్తు నాటి, అది మొలకెత్తి తీగయగుదాక దినమున కొంచెము కొంచెముగా ఫొటో తీసి, నెలనాటి పెరుగుదలను నిమిషములో తెరపై చూపెను. చూచినవారు విస్మితులైరి. అయినను ధనము చాలలేదు. అప్పుడు సరస్వతీబాయి తన నగలను ఇచ్చెను.

ఇట్లు నిర్మింపబడినదే రాజా హరిశ్చంద్ర చిత్రము. నిడివి సుమారు 3,700 అడుగులు. ఆడువారు తెరపై కనబడుట పరువు తక్కువయని భావించిన కాలమగుటచే తారామతి వేషమునకు స్త్రీ లభింపలేదు. భోజనశాలలో పనిచేయు సాళుంకే యను యువకుడు ఆ వేషము ధరించెను. ఫాల్కే కుమారుడే రోహితాశ్వుడు. సరస్వతీబాయి పనివారందఱకును వండి వడ్డించుచు, రాత్రులు చీకటిగదిలో ఫిల్మునకు రంధ్రములు వేయుట, కడుగుట మున్నగు పనులును చేసెను. 1913 మే 3వ తేదీన బొంబాయి కారనేషన్ శాలలో ఆ చిత్రము విడుదలై జనుల మన్నన పొందెను.

తరువాత మోహినీ భస్మాసుర, సత్యవాన్ సావిత్రి మొదలగు చిత్రములు వెలువడెను. 1914లో ఆయన తన చిత్రములతో లండనుకేగగా అచ్చటనే యుండి చిత్రములు తీయుమని ఆహ్వానములు వచ్చెను. ఆయన అంగీకరింపక స్వదేశమునకే మరలెను. 1917 నాటి లంకాదహనమున సాళుంకే రాముడును, సీతయు తానే యయ్యెను. ఆ చిత్రమునకు వచ్చిన నాణెములను మదరాసులో ఎడ్లబండిపై తరలింపవలసి వచ్చెనని చెప్పుదురు.

అయినను చరిత్ర మరల అదే త్రోవ పట్టెను. 1918లో ధనికులైన భాగస్థులతో హిందూస్థాన్ కంపెనీ స్థాపితమాయెను. ఖర్చు వెచ్చములపై విభేదములు రాగా ఫాల్కే విరమించి కాశికి పోయి నాటకరచనలో కాలము గడపెను. కొన్నాళ్లకు పిలుపు రాగా తిరిగి వచ్చెను. మాటల చిత్రములు వచ్చిన పిమ్మట ఆయన పద్ధతి పాతబడెను. 1937 నాటి గంగావతరణమే ఆయన నిర్మించిన ఏకైక మాటల చిత్రము, కడపటి చిత్రము. తొంబదికి పైగా చిత్రములు నిర్మించిన ఆ మహనీయుడు 1944 ఫిబ్రవరి 16న నాసికలో, గోదావరీ తీరముననే, కలిమి లేక కన్నుమూసెను.

గ్రామ లెక్కలు వ్రాయువాడను గనుక ఈ జీవితమునకు జమాఖర్చు చూడవలెనని నాకు తోచుచున్నది. ఖర్చు పక్కన స్థిరమైన జీతము, ముద్రణాలయపు వాటా, భీమా పత్రములు, ఇల్లాలి నగలు కలవు. జమ పక్కన ఆయన చేతికి నిలిచిన ధనము స్వల్పము. ఈ చిట్టాను మాత్రమే చూచినవాడు ఫాల్కే నష్టపోయెననును. కాని దేశము చిట్టాలో ఒక నూతన కళ జమపడినది. 1932లో వెలువడిన మన తొలి తెలుగు మాటల చిత్రము భక్త ప్రహ్లాదయు ఆయన చూపిన పురాణకథల బాటనే నడచినది. 1969 నుండి ఆయన పేర భారత ప్రభుత్వము ఇచ్చు పురస్కారమును 1974 సంవత్సరమునకు మన బి. ఎన్. రెడ్డిగారు పొందిరి.

దీనిని చదివి యువకులెల్లరు కొలువులు విడువవలెనని నా తాత్పర్యము కాదు. విడుచునాటికి ఫాల్కే చేతిలో పలు విద్యలుండెను. విడిచిన పిమ్మట చదువుట మానలేదు. ఇంట కష్టము పంచుకొను సహధర్మచారిణి కలదు. ఈ మూడును లేని సాహసము తెగింపు మాత్రమే యగును. మొదటి రెండింటికి మన గ్రంథాలయ ద్వారములు తెఱచియే యున్నవి. మూడవదానిని గూర్చి పురుషులు సరస్వతీబాయిని తలచుకొని తమ యింటివైపు ఒకసారి చూచుకొనుట మేలు. ఫాల్కేకు దక్కిన కీర్తిలో సగపాలు ఆ యిల్లాలిదే.