బండి విప్పి చూసిన జి.డి.నాయుడు

పోయిన ఎండాకాలం కర్నూలు నుంచి కడపకు పోతుంటే ఆళ్లగడ్డ దగ్గర మా నాయన పాత కారు నల్లపొగ వదలడం మొదలుపెట్టింది. స్కానర్ పెడితే మ్యాప్ సెన్సర్ కోడ్ వచ్చింది. ఇంజన్‌లోకి పోయే గాలి ఒత్తిడిని కొలిచేది అదే. సెన్సర్ కొత్తది వేయాల్సిందేనని నేను తేల్చేశా. అక్కడి ముసలి మెకానిక్ మాత్రం తొందరపడలేదు. ఇంజన్ ఆపి, కీ మాత్రమే తిప్పి చూశాడు. రీడింగ్ బయటి గాలి ఒత్తిడికి సమానంగానే ఉంది. అంటే సెన్సర్ బాగుంది. ఇంజన్ స్టార్ట్ చేస్తే రీడింగ్ బాగా పడిపోవాలి, కానీ పడలేదు. సెన్సర్‌కు పోయే చిన్న రబ్బరు పైపు ఎండకు పగిలి గాలి పీలుస్తోంది. ఆ తప్పుడు లెక్కను నమ్మి కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తోంది. పగిలిన కొస కోసేసి, పైపును మళ్లీ బిగించాడు. పొగ ఆగిపోయింది. ఆయన నాలుగో క్లాసు వరకే చదివాడట!

అప్పుడు నాకు జి.డి.నాయుడు గుర్తొచ్చారు. 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్‌లో తెలుగు మాట్లాడే రైతు కుటుంబంలో పుట్టారు. బడి నచ్చక చిన్నప్పుడే మానేశారు. ఒకరోజు ఒక ఇంగ్లీషు అధికారి మోటార్‌సైకిల్ మీద రావడం చూశారు. ఎద్దులూ గుర్రాలూ లేకుండా బండి ఎట్లా పోతోందన్నది ఆయన్ని పట్టుకుని వదల్లేదు. కోయంబత్తూరులో హోటల్ సర్వర్‌గా చేరి, డబ్బు కూడబెట్టి, ఆ బండినే కొన్నారు. దాన్ని ముక్కముక్కలుగా విప్పి, మళ్లీ బిగించారు. ఆయన చేసిన ఇంజనీరింగ్ కోర్సు అదే అనుకోవచ్చు.

1920లో ఒక బస్సుతో మొదలుపెట్టి, పొల్లాచ్చి-పళని మధ్య తనే నడిపారు. తర్వాత అది వందల బస్సుల కంపెనీ అయ్యింది. 1937లో డి.బాలసుందరం నాయుడుతో కలిసి మన దేశంలోనే ఎలక్ట్రిక్ మోటార్ తయారుచేశారు. 1952లో రెండు వేల రూపాయలకు రెండు సీట్ల పెట్రోల్ కారు చేస్తే, ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. ఇది చదివినప్పుడు నాకు నిజంగా బాధేసింది.

1945లో ఆయన విరాళంతో కోయంబత్తూరులో ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది, ప్రిన్సిపాల్ కూడా ఆయనే. నాలుగేళ్లు దండగ, రెండేళ్లు చాలని వాదించారు. ప్రభుత్వం ఒప్పుకోకపోతే రాజీనామా చేశారు. (ఈ పేరా మా హెచ్‌ఓడీ సార్ చదవకపోతే బాగుండు.)

1974 జనవరి 4న చనిపోయారు. కోయంబత్తూరులో ఆయన పేరుతో మ్యూజియం ఉంది. సెమిస్టర్ సెలవులకు పోదామని నాయనను అడిగా. కారులోనే పోదాం, కానీ ముందు ఆ పైపు మొత్తం కొత్తది వేయిద్దాం అన్నాడు.