చిత్రకారిణి షార్లట్ సాలమన్

బెర్లిన్ నగరంలో 1917 ఏప్రిల్ 16న ఒక యూదు వైద్యుని ఇంట షార్లట్ సాలమన్ జన్మించింది. ఎనిమిదేళ్ళ ప్రాయంలో తల్లి మరణించింది. ఇన్‌ఫ్లుయెంజా జ్వరమని పెద్దలు చెప్పారు, బిడ్డ నమ్మింది.

నాజీల పాలనలో యూదులకు విద్యాలయాల తలుపులు మూసుకొనిపోతున్న రోజులలో ఆమెకు బెర్లిన్ కళాశాలలో ప్రవేశం లభించడమే విశేషం. ఆ చదువు పూర్తి కాలేదు. 1938 నవంబరులో యూదులపై దాడులు జరిగాయి. తండ్రి నిర్బంధ శిబిరం పాలయ్యాడు. మరుసటి ఏడాది ఆమెను దక్షిణ ఫ్రాన్సులో తలదాచుకొన్న తాత, అమ్మమ్మల వద్దకు పంపారు.

1940లో అమ్మమ్మ ఆత్మహత్య చేసుకొన్నది. తల్లి మరణమూ అటువంటిదేనని తాత చెప్పగా అప్పుడు తెలిసింది. ఆ వంశంలో మరికొందరిదీ అదే దారి. ఆ దారి తొక్కక షార్లట్ కుంచె పట్టింది.

1942 నాటికి వేయికి పైగా చిత్రాలు పూర్తి చేసింది. ఎరుపు, పసుపు, నీలం, ఈ మూడు వర్ణాలే వాటికి మూలం. శ్రీకాళహస్తి కలంకారీ తెరలపై బొమ్మల చెంత కథ వ్రాసినట్లే, ఈమె కూడా చిత్రాలకు మాటలు జోడించింది. తోడుగా తలచుకోవలసిన పాటలను సైతం సూచించింది. జీవితమా, నాటకమా అన్న ప్రశ్ననే ఆ కృతికి పేరుగా పెట్టింది. ఇంటివారు దాచిన మరణాలను దాచకుండా చిత్రించడమే అందులోని గొప్పతనమని నా అభిప్రాయం. ఆమెను కేవలం నాజీల చేత హతురాలైన యువతిగా తలచేవారు దీనిని గమనించరు.

ఆ చిత్రాలను ఆమె స్థానిక వైద్యునికి అప్పగించింది. 1943లో వివాహమాడింది. సెప్టెంబరులో భర్తతోపాటు అరెస్టయి, అక్టోబరులో ఆష్విట్జ్ శిబిరంలో హతురాలయింది. అప్పటికి గర్భవతి, వయస్సు ఇరవైఆరు. హాలండులో దాగి బ్రతికిన తండ్రి, సవతి తల్లి యుద్ధానంతరం ఆ చిత్రాలను అందుకొన్నారు. 1971లో వాటిని ఆమ్‌స్టర్‌డామ్‌లోని యూదు చారిత్రక మ్యూజియమునకు ఇచ్చారు.