హిల్డె బ్రూక్

హిల్డె బ్రూక్ (మార్చి 11, 1904 - డిసెంబర్ 15, 1984) జర్మనీలో జన్మించి అమెరికాలో స్థిరపడిన మానసిక వైద్యురాలు. కౌమార వయస్కులలో కనిపించే ఆహార రుగ్మతలపై, ముఖ్యంగా అనొరెక్సియా నెర్వోసాపై చేసిన కృషి వలన ప్రసిద్ధి చెందింది. బరువు పెరుగుతామనే తీవ్రమైన భయంతో ఆహారాన్ని విసర్జించి, ప్రాణాపాయం కలిగేంతగా కృశించిపోవడం ఈ వ్యాధి లక్షణం.

జీవిత విశేషాలు

బ్రూక్ జర్మనీలోని డ్యుల్కెన్ పట్టణంలో ఒక యూదు కుటుంబంలో జన్మించింది. గణితం చదవాలని ఆశించినా, బంధువుల సలహాపై వైద్యవిద్యను ఎంచుకొని 1929లో ఫ్రైబుర్గ్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందింది. 1933లో నాజీలు అధికారానికి రావడంతో ఇంగ్లాండుకు, 1934లో న్యూయార్కుకు వెళ్ళి పిల్లల వైద్యురాలిగా పనిచేసింది. 1941-43 మధ్య బాల్టిమోర్‌లో మానసిక వైద్యం అభ్యసించి, ఫ్రీడా ఫ్రామ్-రైక్‌మన్ వద్ద మనోవిశ్లేషణలో శిక్షణ పొందింది. 1964 నుండి హ్యూస్టన్‌లోని బేలర్ వైద్య కళాశాలలో ఆచార్యురాలిగా పనిచేసింది. ఆ నగరంలోనే మరణించింది.

పరిశోధన

పిల్లల స్థూలకాయానికి గ్రంథుల లోపమే కారణమని వైద్యులు భావిస్తున్న కాలంలో, 1937లో ఆమె ఈ విషయంపై పరిశోధన ప్రారంభించింది. అధిక శాతం పిల్లలలో అటువంటి లోపమేదీ కనిపించలేదు. దాంతో ఆమె దృష్టి పిల్లల మనస్సు, కుటుంబ వాతావరణాల వైపు మళ్ళింది. అనొరెక్సియా రోగులలో మూడు లోపాలను 1962లో వివరించింది. అవి:

1. తమ శరీరాకృతిని ఉన్నదున్నట్లు చూడలేకపోవడం
2. ఆకలి వంటి శారీరక సంకేతాలను గుర్తించలేకపోవడం
3. తమ వలన ఏదీ కాదనే నిస్సహాయ భావన

చికిత్సా విధానం

ఏ ఒక్క పద్ధతీ ఈ వ్యాధికి చాలదని బ్రూక్ అభిప్రాయం. శరీరం శుష్కించి ఉన్నంతకాలం ఆలోచన కూడా దెబ్బతింటుంది కనుక మానసిక చికిత్స ఫలించదు. బరువు మాత్రమే పెంచి పంపితే వ్యాధి తిరగబెడుతుంది. కాబట్టి పోషకాహారం, కుటుంబంలోని చిక్కుల పరిష్కారం, రోగితో వ్యక్తిగత సంభాషణ కలసి సాగాలని బోధించింది. వైద్యుడు తన వ్యాఖ్యానాలను రుద్దక, రోగి చెప్పేది శ్రద్ధగా వినాలని సూచించింది. బరువు పెరిగితేనే సౌకర్యాలు ఇచ్చే ఆసుపత్రి పద్ధతులు రోగిలోని నిస్సహాయతను మరింత పెంచుతాయని 1974లో విమర్శించింది.

ప్రభావం

బ్రూక్ అభిప్రాయాలన్నీ నిలబడలేదు. తల్లిదండ్రుల పెంపకమే వ్యాధికి కారణమన్న భావనను వైద్యలోకం క్రమంగా విడిచిపెట్టింది. వ్యాధి చిన్న వయసులో మొదలై మూడేళ్ళు దాటని రోగులకు వ్యక్తిగత చికిత్స కంటే కుటుంబ చికిత్స మేలు చేసిందని 1987లో ప్రచురితమైన లండన్ అధ్యయనం తెలిపింది. తల్లిదండ్రులే దగ్గరుండి భోజనం పెట్టే పద్ధతి దీనినుండి రూపొందింది. శరీరానికీ, మనస్సుకూ, కుటుంబానికీ కలిపి చికిత్స జరగాలన్న సూత్రం మాత్రం నేటికీ ఆచరణలో ఉంది.

ముఖ్య రచనలు

- ఈటింగ్ డిజార్డర్స్ (1973)
- ది గోల్డెన్ కేజ్ (1978) - సామాన్య పాఠకుల కోసం వ్రాసినది
- కాన్వర్సేషన్స్ విత్ అనొరెక్సిక్స్ (1988) - మరణానంతరం వెలువడినది