బోనులో నిలబడి లెక్క అడిగిన మనిషి
తరిమెల నాగిరెడ్డి జీవితం, కుట్ర కేసుల కథ

రావికమతం: పల్లెల్లో పేదోడికి కేసు అంటే కొండచిలువ. మింగేది తర్వాత సంగతి, ముందు చుట్టుకుంటుంది. చుట్టుకున్న నాటి నుంచీ కూలి పోతుంది, ఛార్జీలు పోతాయి, వకీలు ఫీజు కోసం మేకపిల్లో చెవిదుద్దులో అమ్ముడుపోతాయి. ఎప్పుడో పదేళ్లకు కోర్టు కేసు కొట్టేసినా ఆ పదేళ్లు ఎవడూ తిరిగి ఇవ్వడు. కూలి రేటు అడిగినా, బంజరులో పాక వేసినా, కొండవాలు జీడిమామిడి తోట మాదే అన్నా ఈ కొండచిలువను వదలటం పాలకులకు కొత్త కాదు. పెద్ద ఎత్తున, పెద్ద మనిషి మీద దాన్ని ఎలా వదిలారో, ఆయన దాన్ని ఎలా ఎదుర్కొన్నారో తెలుసుకోవాలంటే తరిమెల నాగిరెడ్డి గారి జీవితం చూడాలి. ఆయన పోయి యాభై ఏళ్లు కావస్తున్నా ఆ కథ ఇంకా పాతబడలేదు.

భూస్వామి ఇంట పుట్టి

నాగిరెడ్డి గారు 1917 ఫిబ్రవరి 11న అనంతపురం జిల్లా తరిమెలలో పుట్టారు. ఇల్లు కలిగిన ఇల్లు, భూములున్న కుటుంబం. అనంతపురం అంటే కరువు సీమ. అక్కడ వాన పడని ఏడు పేదోడికి రెండే దారులు: షావుకారు దగ్గర అప్పు, లేదంటే రెడ్డిగారి ఇంట జీతం. ఆ రెండూ నాగిరెడ్డి గారు చిన్నప్పుడే కళ్లారా చూశారు. మదనపల్లె దగ్గర రిషీవ్యాలీ బడిలో, మద్రాసు లయోలా కాలేజీలో, కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు. అంత చదువు చదివినవాడు కలెక్టరో జడ్జీయో అవుతాడని ఎవరైనా అనుకుంటారు. ఆయన కమ్యూనిస్టు అయ్యారు. తన వాటాకు వచ్చిన భూమిని దున్నేవాళ్లకే వదులుకున్నారు.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. యుద్ధం వల్ల ధరలు ఎలా పెరుగుతాయో, ఆ భారం ఎవరి నెత్తిన పడుతుందో వివరిస్తూ ఆయన ఒక చిన్న పుస్తకం రాశారు. దొరల ప్రభుత్వం 1940లో జైలుకు పంపింది. అప్పటికి ఆయన వయసు ఇరవై మూడేళ్లు. పుస్తకం రాస్తే జైలు అన్నమాట. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, ముప్పై ఏళ్ల తర్వాత మళ్లీ వస్తుంది.

ఓటుతో తేల్చుకున్న కాలం

తెల్లదొరలు పోయినా జైళ్లు పోలేదు. 1947 మొదట్లోనే మద్రాసు రాష్ట్రంలో ప్రకాశం గారి ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి కమ్యూనిస్టులను విచారణ లేకుండా నిర్బంధించింది. 1948 నుంచి నిర్బంధం, అజ్ఞాతం. 1950 ఫిబ్రవరి 11న సేలం జైలులో కాల్పులు జరిపి 22 మంది ఖైదీలను చంపారు. కాబట్టి పాత రోజులన్నీ బంగారు రోజులని మేము చెప్పబోవటం లేదు.

అయినా అప్పట్లో ఒక గీత మిగిలి ఉండేది. 1952 ఎన్నికలు ఆ గీతను జనానికి చూపించాయి. సర్కారు ఎవరిని దోషులంటే వాళ్లనే జనం పట్టుబట్టి గెలిపించారు. తెలంగాణ పోరాట నాయకుడు రావి నారాయణరెడ్డి గారు నల్లగొండ నుంచి లోక్‌సభకు వెళ్లారు. మన మన్యంలో అల్లూరి సీతారామరాజు వెంట నడిచి, ఉరిశిక్ష పడి, అది ద్వీపాంతర శిక్షగా మారి, అండమాన్ చూసి వచ్చిన గాం మల్లుదొర విశాఖపట్నం నుంచి అదే లోక్‌సభకు ఎన్నికయ్యారు. అనంతపురంలో నాగిరెడ్డి గారు కాంగ్రెసు పెద్దనాయకుడు నీలం సంజీవరెడ్డి గారిని ఓడించి మద్రాసు శాసనసభకు వెళ్లారు.

సంజీవరెడ్డి గారు ఎవరో కాదు, నాగిరెడ్డి గారి తోబుట్టువు భర్త. బావ, బావమరిది ఎదురెదురుగా నిలబడ్డారు. ఒకరు భూస్వాముల పార్టీ, ఒకరు పేదల పార్టీ. తేల్చింది ఓటు. బావగారు ఆ తర్వాత ముఖ్యమంత్రి అయ్యారు, లోక్‌సభ స్పీకరు అయ్యారు, 1977లో రాష్ట్రపతి అయ్యారు. బావమరిది 1957లో అనంతపురం నుంచి లోక్‌సభకు, 1962లో పుట్లూరు నుంచి, 1967లో మళ్లీ అనంతపురం నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. సభలో నాగిరెడ్డి గారు లేస్తే కాగితాలు చేతిలో ఉండేవి, లెక్కలు నోటిలో ఉండేవి. సర్కారు ఇచ్చిన లెక్కలతోనే సర్కారును నిలదీయటం ఆయన పద్ధతి. అలాంటి ప్రతిపక్షానికి మంత్రి జవాబు చెప్పుకోవాలి. పోలీసును పిలవటం జవాబు కాదు. మేము గీత అంటున్నది దీన్నే.

లేవిడి నుంచి మద్రాసు దాకా

ఆ గీత చెరిగింది మన ఉత్తరాంధ్ర కొండల్లోనే. 1967 అక్టోబరు 31న గిరిజన సంఘం మహాసభకు పోతున్న గిరిజనుల మీద పార్వతీపురం ఏజెన్సీలోని లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు చనిపోయారు. కేసు నడిచింది. 1968లో ముద్దాయిలు నిర్దోషులుగా బయటపడ్డారు. ఇద్దరు మనుషులు పట్టపగలు చనిపోతే చంపినోడు లేడని కోర్టు తేల్చింది. గిరిజనుడికి న్యాయం మీద ఉన్న కాస్త నమ్మకం ఆనాటితో తెగిపోయింది. శ్రీకాకుళ సాయుధ పోరాటం వెనుక ఉన్న కారణాల్లో ఇది చిన్నది కాదు.

సర్కారు పోలీసు బలగాలను దించింది. 1969 మే 27న పంచాది కృష్ణమూర్తిని, 1970 జులై 10న వెంపటాపు సత్యాన్ని, ఆదిభట్ల కైలాసాన్ని చంపారు. ఎన్‌కౌంటర్ అనే మాట తెలుగు పల్లెకు అలవాటు కావటం అప్పటినుంచే. మన మన్యం జనానికి ఈ పద్ధతి అంతకుముందే తెలుసు. 1924 మే 7న సీతారామరాజును పట్టుకుని, కోర్టు ముందుకు తీసుకుపోకుండానే కొయ్యూరులో కాల్చి చంపింది తెల్లదొరల సైన్యం. దొరలు నేర్పిన విద్యను మనవాళ్లు మరిచిపోలేదు.

నాగిరెడ్డి గారు అప్పటికే మార్క్సిస్టు పార్టీ నుంచి బయటికి వచ్చి విప్లవకారుల సమన్వయ సంఘంలో ఉన్నారు. 1969 మార్చిలో శాసనసభ సభ్యత్వానికి రాజీనామా చేశారు. ఈ సభల వల్ల దున్నేవాడికి భూమి రాదని తేల్చి చెప్పి వచ్చేశారు. ఆ నిర్ణయం సరైనదా కాదా అన్న దాని మీద మన ఉద్యమంలో అప్పుడూ వాదన ఉంది, ఇప్పుడూ ఉంది. ఒకటి మాత్రం నిజం. ప్రజల్ని వదిలేసి వ్యక్తుల్ని చంపుకుంటూ పోయే మార్గాన్ని ఆయన ఒప్పుకోలేదు. ప్రజా ఉద్యమం, భూమి సమస్య, ఈ రెండూ లేకుండా విప్లవం లేదన్నదే ఆయన పట్టు. అయినా సర్కారు ఆ తేడా చూడలేదు. 1969 డిసెంబరులో మద్రాసులో నాగిరెడ్డి గారిని, ఆయన సహచరులను అరెస్టు చేసింది. దేవులపల్లి వెంకటేశ్వరరావు, కొల్లా వెంకయ్య వంటి వాళ్లంతా ముద్దాయిలు. అదే హైదరాబాదు కుట్ర కేసు.

కుట్ర కేసు ఎలా పనిచేస్తుంది

కుట్ర కేసు అంటే ఏటో మన కూలోళ్లకు విడమరచి చెప్పాలి. మామూలు కేసులో ఎవడు కొట్టాడు, ఎవడు దెబ్బ తిన్నాడు అన్నది తేల్చాలి. కుట్ర కేసులో పని జరగనక్కర్లేదు, జరపాలని ఒప్పుకున్నారని అంటే చాలు. పాత శిక్షాస్మృతిలో 120-బి అదే. సర్కారు మీద యుద్ధానికి కుట్ర అనేది 121-ఎ, దానికి యావజ్జీవం దాకా శిక్ష. సాక్ష్య చట్టంలో ఇంకో మెలిక ఉంది: కుట్రదారుల్లో ఒకడు అన్న మాట, రాసిన ముక్క మిగతా అందరి మీదా సాక్ష్యంగా వాడుకోవచ్చు. అందుకే ఇలాంటి కేసుల్లో కత్తుల కంటే కాగితాలు ఎక్కువ కనపడతాయి. కరపత్రం సాక్ష్యం, ఉత్తరం సాక్ష్యం, పుస్తకం సాక్ష్యం. ఊరి నిండా ఉన్న మనుషుల్ని ఒకే తాడుతో కట్టటానికి ఇంతకంటే మంచి తాడు లేదు.

దీన్ని పేనింది దొరలే. 1924లో కాన్పూరు కుట్ర కేసు, 1929లో మీరట్ కుట్ర కేసు. మీరట్‌లో కార్మిక నాయకుల్ని నాలుగేళ్లు విచారణలోనే ఉంచారు. దొరలు పోయాక అదే తాడు పార్వతీపురం కుట్ర కేసుకు పనికొచ్చింది. ఆ కేసు మన విశాఖపట్నంలోనే నడిచింది. 1974లో సికింద్రాబాదు కుట్ర కేసు పేరుతో కవుల్ని, రచయితల్ని బోనెక్కించారు. 1989లో అంతా నిర్దోషులని కొట్టేశారు. మధ్యలో పదిహేనేళ్లు. 1986 నాటి రాంనగర్ కుట్ర కేసు 2003లో వీగిపోయింది. శిక్ష తీర్పులో లేదు, వాయిదాల్లో ఉంది.

బోను వేదికైన వేళ

నాగిరెడ్డి గారు ఈ యంత్రం ముందు నిలబడి ఏం చేశారన్నదే మనకు పాఠం. నేను అక్కడ లేను, ఆ మాట అనలేదు అంటూ తప్పించుకునే దారి ఆయన పట్టలేదు. జైల్లో కూర్చుని ప్రభుత్వ నివేదికలు, ప్రణాళికా పత్రాలు, విదేశీ పెట్టుబడుల లెక్కలు చదివారు. దేశం అప్పుల్లో ఎలా కూరుకుంది, అమెరికా గోధుమలు వెంట ఏ షరతులు తెచ్చాయి, ఎరువుల కంపెనీల లాభం ఎక్కడికి పోతోంది, భూసంస్కరణలు కాగితం దాటి ఎందుకు రాలేదు, ఇవన్నీ వరసపెట్టి కోర్టుకు వాంగ్మూలంగా ఇచ్చారు. నేను కుట్ర చేశానా లేదా అన్న ప్రశ్నను పక్కకు నెట్టి, ఈ దేశాన్ని తాకట్టు పెట్టిందెవరు అన్న ప్రశ్నను బోనులోంచి జడ్జి ముందు పెట్టారు. ముద్దాయే ఫిర్యాది అయ్యాడు. ఆ వాంగ్మూలం ఆయన పోయాక 1978లో ఇంగ్లీషులో పుస్తకంగా అచ్చయింది. తెలుగులో తాకట్టులో భారతదేశం పేరుతో వచ్చింది. ఇరవై మూడేళ్ల వయసులో ఒక పుస్తకం రాసి జైలుకు పోయిన మనిషి, యాభై దాటాక జైలుకు పోయి ఒక పుస్తకం రాశారు.

1972లో సెషన్స్ కోర్టు శిక్ష వేసింది. అప్పీలు చేసి బెయిలు మీద బయటికి వచ్చారు. 1975 జూన్‌లో ఎమర్జెన్సీ వచ్చింది. ఆయన మళ్లీ అజ్ఞాతంలోకి వెళ్లారు. అప్పటికి ఆరోగ్యం దెబ్బతింది. 1976 జులై 28న హైదరాబాదులో ఉస్మానియా ఆసుపత్రిలో కన్నుమూశారు. వయసు యాభై తొమ్మిది. నాలుగుసార్లు జనం ఓటుతో గెలిచిన మనిషి తన పేరు చెప్పుకుని వైద్యం చేయించుకునే వీలు లేని రోజులవి. ఏడాది తిరిగేసరికి ఆయన బావగారు రాష్ట్రపతి భవనంలో ఉన్నారు. వ్యక్తుల మంచిచెడ్డలు ఎంచటం మా ఉద్దేశం కాదు. ఒకే జిల్లాలో, ఒకే కుటుంబంలో రెండు రాజకీయాల మనుషులు ఎక్కడికి చేరారో చూస్తే ఈ దేశంలో సర్కారు ఎవరిదో తెలుస్తుంది.

మన ఊళ్లకు ఏం సంబంధం

ఇప్పుడు చట్టాల పేర్లు మారాయి. 2024 జులై 1 నుంచి పాత శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. కుట్రకు 120-బి పోయి 61 వచ్చింది. శాంతిభద్రతల పేరుతో పూచీకత్తు రాయించుకునే 107 ఇప్పుడు 126, ముందస్తు అరెస్టుకు వాడే 151 ఇప్పుడు 170, నలుగురు గుమికూడొద్దనే 144 ఇప్పుడు 163. నెంబర్లే మారాయి, తాడు అదే. దానికి పైన ఉపా చట్టం ఉంది. ఆ చట్టం కింద అరెస్టయి బెయిలు దొరకకుండానే, గిరిజనుల కోసం పనిచేసిన ముసలి ఫాదర్ స్టాన్ స్వామి 2021 జులై 5న కస్టడీలోనే ప్రాణం విడిచారు. సికింద్రాబాదు కేసులో బోనెక్కిన కవి వరవరరావును 2018లో మళ్లీ అరెస్టు చేశారు.

ఇంకో పక్క పాలక పార్టీలు ఒకరిమీద ఒకరు కేసులు పెట్టుకునే ఆట మొదలైంది. కుర్చీ మారితే ఫైళ్లు చేతులు మారతాయి. నిన్న పెట్టినోడు ఈరోజు ముద్దాయి, ఈరోజు ముద్దాయి రేపు పెట్టేవాడు. నిజంగా తిన్న సొమ్ము ఉంటే కక్కించాల్సిందే, దాన్ని మేము కాదనటం లేదు. కానీ సభలో వాదన పోయి, ఓటు ముందు జవాబుదారీ పోయి, స్టేషనే రాజకీయం అయిపోతే దాని వాత పడేది పేదోడికి. పెద్దలకు పెద్ద వకీళ్లు ఉంటారు, ఒక్క రోజులో బెయిలు అర్జీ పైకోర్టుకు పోతుంది. కూలోడికి నర్సీపట్నం బస్సు ఛార్జీయే బరువు.

మా ప్రాంతంలో ఒక ఊళ్లో చెరకు నరికే కూలి పెంచమన్నందుకు మనోళ్లను బైండోవరు చేశారు. సంతకాలు పెట్టినోళ్లలో సగం మందికి ఆ కాగితంలో ఏముందో తెలీదు. అందుకే నాగిరెడ్డి గారి జీవితం నుంచి మేము తీసుకునేది పెద్ద మాటలు కాదు, నాలుగు పనులు. చదివి వినిపించుకోకుండా ఏ కాగితం మీదా వేలిముద్ర వేయొద్దు. వాయిదాకు ముద్దాయి ఒక్కడే పోకూడదు, సంఘం వెంట పోవాలి. ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్లకు, కస్టడీలో ఉన్నవాళ్లకు 1987 న్యాయసేవల చట్టం కింద ఉచిత వకీలు హక్కు, దాన్ని అడిగి తీసుకోవాలి. చివరిది, ముఖ్యమైనది: కేసు కాగితంలో వాళ్లు రాసిన ప్రశ్నకే మనం జవాబు చెప్పి ఊరుకోకూడదు. కూలి ఎంత, ధర ఎంత, భూమి ఎవరిది అన్న మన ప్రశ్నను ఆ కోర్టు మెట్ల మీదే అడగాలి. లెక్క అడిగేవాడు బోనులో ఉన్నా లెక్క చెప్పాల్సింది మాత్రం బయట ఉన్నవాళ్లే.