మేడమ్ క్యూరీ, ముగ్గురు పరీక్షకులు

వార్సాలో ఆడపిల్లలకు యూనివర్సిటీ ప్రవేశం లేని రోజులవి. 1891లో పారిస్ చేరిన మేరీ, 1893లో సొర్బాన్ ఫిజిక్స్ డిగ్రీలో ప్రథమురాలిగా నిలిచింది. గురువు లిప్‌మన్. 1898లో యురేనియం కిరణాలపై ఆమె రాసిన పత్రాన్ని సైన్స్ అకాడమీ ముందుంచింది ఆయనే. ఆమెకు అక్కడ సభ్యత్వం లేదు మరి. టన్నులకొద్దీ ఖనిజం శుద్ధిచేసి, 1902 నాటికి గ్రాములో పదోవంతు రేడియం లవణం తీసింది.

1903 జూన్ 25న డాక్టరేట్ పరీక్ష. ఎదుట లిప్‌మన్, బూటీ, మొయిస్సాన్: ఇద్దరు ఫిజిక్స్‌వారు, ఒకరు కెమిస్ట్రీవారు. ఆమె పని రెండు శాస్త్రాల గట్టు మీదిది కదా! మా ఊళ్లో గట్టు తగువొస్తే రెండు చేలూ ఎరిగిన పెద్దమనుషుల్నే పిలుస్తారు. ఆ డిసెంబరులోనే ఆమెకు నోబెల్. మొయిస్సాన్‌కు 1906లో, లిప్‌మన్‌కు 1908లో వచ్చింది.

రేపు రీసెర్చికి వెళ్తే నేనూ పెద్ద పేర్లు చూడను, నా పని ఎరిగి తప్పు పట్టగలవాళ్లనే వెతుక్కుంటాను.