తూర్పు ఆఫ్రికా అంగళ్ల అధిపతి అల్లిదీనా విశ్రామ్

జన్మించినది కచ్ఛ్‌లోని కేరా గ్రామంలో. కీర్తి గడించినది ఉగాండాలో. రైలు ఎరుగని రోజుల్లో అడవి దారుల వెంట సరకు నడిపించి, తూర్పు ఆఫ్రికా వాణిజ్యానికి బాటలు వేసిన భారతీయుల్లో అగ్రగణ్యుడు అల్లిదీనా విశ్రామ్. ఆయన పరిచిన బాటలో నడిచిన సమాజమే తరువాతి కాలంలో స్థానికుల ఆగ్రహానికి గురికావడం చరిత్రలోని విషాదం.

బిడారుల నుంచి బజారుకు

1851లో ఇస్మాయిలీ ఖోజా కుటుంబంలో జన్మించిన విశ్రామ్ చిన్న వయసులోనే ఓడెక్కి జాంజిబార్ చేరారు. బగమోయో రేవులో సేవా హాజీ పరూ అనే ప్రముఖ వర్తకుని వద్ద వ్యాపార మెళకువలు అభ్యసించారు. బట్టలు, పూసలు, లోహపు తీగలను కూలీల తలలపై లోతట్టు ప్రాంతాలకు పంపి, బదులుగా ఏనుగు దంతాలు తెప్పించడం నాటి వర్తకం.

1896లో మొంబాసా నుంచి మొదలైన రైలుమార్గం 1901 నాటికి విక్టోరియా సరస్సును చేరింది. దాని నిర్మాణానికి భారతదేశం నుంచి సుమారు 32 వేల మంది కూలీలు తరలివెళ్లారు. పట్టాల వెంటే విశ్రామ్ దుకాణాలు వెలిశాయి. కంపాలాలోనూ ఆయన వ్యాపారం స్థిరపడింది. రైతుల నుంచి తోళ్లు, నువ్వులు, పత్తి కొనడంతో మారుమూల పల్లెల్లోనూ నగదు చెలామణి అయింది. గుజరాత్ నుంచి వచ్చిన ఎందరో యువకులు ఆయన వద్ద గుమాస్తాలుగా చేరి, అనంతరం సొంత అంగళ్లు పెట్టుకున్నారు. అక్కడివారు వీరిని దుకావాలాలు అన్నారు. విశ్రామ్ 1916లో కన్నుమూశారు. ఆయన పేరిట మొంబాసాలో వెలసిన పాఠశాల నేటికీ ఉంది.

పత్తి రేపిన చిచ్చు

పత్తి పండించేది ఆఫ్రికా రైతు. దానిని కొని గింజ తీసే మిల్లులు అత్యధికం భారతీయులవి. ఈ అమరికను నిలబెట్టినది బ్రిటిష్ ప్రభుత్వ లైసెన్సుల విధానం. అయితే రైతుకు నిత్యం కనిపించేది తూకం వేసే వర్తకుడే గాని, లండన్‌లోని పాలకుడు కాదు. పత్తి మిల్లులు తమకూ దక్కాలన్న కోరిక 1949 అల్లర్లకు ఒక కారణమైంది. 1959లో ఆసియా దుకాణాల బహిష్కరణ సాగింది. చివరకు 1972 ఆగస్టులో నియంత ఈదీ అమీన్ ఆసియావాసులు 90 రోజుల్లో దేశం విడవాలని ఆదేశించాడు. 50 వేల మందికి పైగా కట్టుబట్టలతో తరలిపోయారు. అంగళ్లు అమీన్ అనుయాయుల పాలయ్యాయి. సరకు కరవై ఉగాండా ఆర్థిక వ్యవస్థ కుప్పకూలింది. 1990 దశకంలో ముసెవెని ప్రభుత్వం ఆస్తులు తిరిగి అప్పగించడంతో కొందరు మళ్లీ చేరుకున్నారు.

వర్తకుని శ్రమ నిజం, రైతు ఆవేదనా నిజం. అంగడికీ పొలానికీ నడుమ లాభంలో పొత్తు కుదరనిచోట ఎంతటి వ్యాపార సౌధమైనా నిలువదని విశ్రామ్ వారసుల కథ చాటుతోంది.