బెర్తా బెంజ్: దారిలో బ్రేక్ బాగు చేయించిన తల్లి



రోజూ పొద్దున స్కూల్ గేటు ముందు మీరు బ్రేక్ వేస్తారు, పిల్లలు దిగుతారు. ఆ బ్రేక్ ప్యాడ్ మీద, బ్రేక్ షూ మీద అరగడానికే పెట్టిన ఒక పొర ఉంటుంది. మెకానిక్‌లు దాన్ని లైనింగ్ అంటారు. కార్ల చరిత్రలో ఆ పొర కథ ఒక తల్లి ప్రయాణంతో మొదలైంది.

బెర్తా 1849లో జర్మనీలోని ఫోర్జ్‌హైమ్‌లో పుట్టారు. కార్ల్ బెంజ్ అనే ఇంజినీరును ఇష్టపడి, పెళ్లికి ముందే తన కట్నం సొమ్ములో కొంత అతని వర్క్‌షాప్‌లో పెట్టారు. 1872లో వాళ్ల పెళ్లయింది. అప్పులు, ఇబ్బందులు దాటుకుంటూ కార్ల్ మూడు చక్రాల మోటారు బండి తయారుచేసి, 1886 జనవరి 29న పేటెంటుకు దరఖాస్తు చేశారు. బండి ఉంది కానీ కొనేవాళ్లు ముందుకు రాలేదు. ఇది దూరం పోగలదని ఎవరికీ నమ్మకం లేదు.

1888 ఆగస్టులో బెర్తా, భర్తకు చెప్పకుండా, కొడుకులు యూజెన్, రిచర్డ్‌లతో కలిసి మాన్‌హైమ్ నుంచి పుట్టింటికి ఆ బండిలో బయలుదేరారు. దూరం సుమారు 105 కిలోమీటర్లు. దారిలో పెట్రోల్ బంకులు లేవు. వీస్లాక్‌లో మందుల షాపులో అమ్మే లిగ్రోయిన్ అనే ద్రవాన్ని ఇంధనంగా కొన్నారు. ఇంధనం గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి శుభ్రం చేశారు. గొలుసు పాడైతే కమ్మరి చేత బాగు చేయించారు. ఎత్తులు ఎక్కలేని చోట పిల్లలు దిగి తోశారు.

అసలు ప్రమాదం ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు వచ్చింది. అప్పటి బ్రేకులు ఉత్త చెక్క దిమ్మలు. పల్లంలో బండిని ఆపాలంటే దాని వేగాన్నంతా రాపిడితో వేడిగా మార్చాలి. ఆ రాపిడికి చెక్క అరిగిపోయి, పట్టు తగ్గింది. పక్కన పిల్లలున్నారు. బౌష్‌లాట్ అనే ఊళ్లో చెప్పులు కుట్టే ఆయన దగ్గర బండి ఆపి, ఆ దిమ్మలకు తోలు కొట్టించారు. తోలు పట్టు ఇస్తుంది. అరిగితే తోలు మారిస్తే చాలు, దిమ్మ మార్చనక్కర్లేదు. నేటి లైనింగ్ వెనక ఉన్న ఆలోచన కూడా ఇదే.

చీకటి పడేసరికి ఫోర్జ్‌హైమ్ చేరి భర్తకు టెలిగ్రామ్ ఇచ్చారు. తిరిగొచ్చాక ఎత్తులు ఎక్కడానికి బండికి ఇంకో గేరు చేరింది. బెర్తా 95 ఏళ్లు బతికి, 1944లో లాడెన్‌బర్గ్‌లో కన్నుమూశారు.

ఆమె ఆ రోజు గమనించినవే ఇవాళ మీరూ గమనించవచ్చు. బ్రేక్ వేసినప్పుడల్లా కీచుమంటే ప్యాడ్ అరిగిందేమో చూపించండి. గరగరమని ఇనుము రాసుకున్న చప్పుడు వస్తే లైనింగ్ అయిపోయి ఉండవచ్చు. ఆ బండి మీద పిల్లల్ని ఎక్కించకండి. కారు పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంటే బ్రేక్ ఆయిల్ కారడమో, గాలి చేరడమో కారణం కావచ్చు. బండి ఒక పక్కకు లాగుతుంటే రెండు వైపులా బ్రేకు సమానంగా పట్టడం లేదన్న అనుమానం రావాలి. పెడల్ అదురుతుంటే డిస్కు చూపించండి. ఆయిల్ తగ్గిందని పోసి ఊరుకోకండి. ప్యాడ్‌లు అరిగినా ఆ మట్టం తగ్గుతుంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ఎడతెగకుండా బ్రేక్ తొక్కి ఉంచకండి, తక్కువ గేరులో దిగండి. బాగా వేడెక్కిన బ్రేకుకు పట్టు తగ్గుతుంది.

ఇంకొక్క లెక్క పిల్లలతో చేయించండి. వేగం 30 నుంచి 60 అయితే, బ్రేకు వేడిగా మార్చాల్సిన శక్తి రెండింతలు కాదు, నాలుగింతలు. ఎందుకో వాళ్ల ఫిజిక్స్ పుస్తకంలో ఉంది.

ఈ ఆదివారం పిల్లల్ని పక్కన నిలబెట్టుకుని వాళ్ల సైకిల్ బ్రేక్ రబ్బర్లు చూడండి. అరిగి ఉంటే ఆ రోజే మార్పించండి. బెర్తా ఇల్లు చేరేదాకా ఆగలేదు, దారిలోనే బాగు చేయించారు.